మడ అడవి పెంచడానికి గ్రాంటు కావాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (కాట్రేనికోన మండలం నుంచి)

పెద్దలకు నమస్కారం. మాది సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించి మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాయ ఒడ్డున మడ ఉన్నచోట్ల గాలి, నీటి ఉధృతి కొంత తగ్గిందని అప్పట్లో చేపల వేటకు వెళ్లిన మా పెద్దవాళ్లు చెబుతారు. ఆ మాట మీదే ఇరవై మందిమి ఒక జట్టుగా ఏర్పడి, నాలుగేళ్లుగా చందాలు వేసుకుని, పాయ పక్కన బోడిగా మిగిలిన పర్రలో (ఉప్పు నేలలో) మడ మొక్కలు నాటుతున్నాము. నాటినవాటిలో ఎక్కువ భాగం వేసవి దాటలేదు. ఉప్పు పేరుకుని తెల్లబడిన నేలలో ఎండిపోయిన పుల్లలే మిగిలాయి. మా చందాలు ఇంతకు మించి సరిపోవని నిరుడు ఒక సంస్థకు దరఖాస్తు పెట్టాము. మొక్కలు, గుర్రపుడెక్క తొలగింపు, ప్లాస్టిక్ ఏరివేత, బడిపిల్లలకు సదస్సులు అన్నీ కలిపి రాశాము. కారణం ఏమీ చెప్పకుండా తిప్పి పంపారు. మాకు ఇంకా రిజిస్ట్రేషన్ లేదు. ముందు ఏమి చేయాలో, ఎవరిని అడగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ప్రార్థన.

సమాధానం (కాకినాడ నుంచి)

నేను చాలాకాలం ఒక స్వచ్ఛంద సంస్థ లెక్కలు చూశాను, కాబట్టి కాగితాల సంగతి మాత్రం చెబుతాను. ఏడుగురు సభ్యులు ఉంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు కావచ్చు. ఆ వెంటనే సంఘం పేరున పాన్, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు తీయగల బ్యాంకు ఖాతా తీసుకోండి. చందా డబ్బు ఒక్క రోజు కూడా ఎవరి సొంత ఖాతాలోనూ ఉండకూడదు. నేను చూసిన తగాదాల్లో సగం అక్కడే పుట్టాయి.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల మీద మీకు ఆశ ఉండవచ్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు చేయాలి. పర్యావరణ పరిరక్షణ ఆ జాబితాలో ఉంది. అయితే బయటి సంస్థ ద్వారా ఖర్చు చేయాలనుకున్న కంపెనీ, మనం వాడుకలో 12ఎ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) అనుకునే ఆదాయపు పన్ను నమోదులను, ఆ తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవాన్ని చూస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం ద్వారా కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద నమోదు కూడా కావాలి. అంటే ఈ రోజు రిజిస్టరైన సంఘానికి ఆ తలుపు వెంటనే తెరుచుకోదు. ఈలోగా ఈ అర్హతలన్నీ ఉన్న పాత సంస్థతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, వారి పేరున దరఖాస్తు పెట్టి, పని మీరు చేయడం సబబుగా ఉంటుంది. విదేశీ విరాళాల జోలికి ఇప్పుడు వెళ్లకండి. 2010 నాటి చట్టం కింద ఆ నమోదు కావాలంటే మామూలుగా మూడేళ్ల మనుగడ, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయల ఖర్చు చూపించాలి.

సమాధానం (తాళ్లరేవు నుంచి)

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల వైపు మడ పునరుద్ధరణ పనుల్లో కొన్నేళ్లు కూలీల మేస్త్రీగా ఉన్నాను. మీ మొక్కలు ఎందుకు పోయాయో తెలియకుండా మళ్లీ మొక్కలకే డబ్బు అడిగితే ఆ డబ్బు కూడా పర్రలోనే ఎండిపోతుంది. మడ నరికేసిన నేల కాలక్రమంలో పళ్లెంలా కుంగుతుంది. పోటుకు వచ్చిన నీరు ఆటుకు వెనక్కి పోలేక అక్కడే నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పును మిగులుస్తుంది. అందుకే అటువంటి చోట్ల పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా చిన్న కాలువలు, చేప ముల్లు ఆకారంలో తవ్వి, వాటి అంచుల్లో మొక్కలు పెడతారు. కాలువలోకి రోజూ పోటునీరు వచ్చిపోతుంటే ఉప్పు కడుక్కుపోతుంది. కాబట్టి మీ అంచనాలో సింహభాగం తవ్వకం కూలికీ, ఒండ్రుతో పూడిన కాలువలను తరువాతి రెండు మూడేళ్లు మళ్లీ తీయడానికీ ఉండాలి. నారుకు అంత ఖర్చు కాదు. కాయలు ఎప్పుడు రాలతాయో మీ ఊరి వేటగాళ్లకు తెలియనిది కాదు.

పార పట్టే ముందు ఆ నేల ఎవరిదో సర్వే నంబరుతో సహా తెలుసుకోండి. మడ నేలలు తీర ప్రాంత నియంత్రణ నిబంధనల్లో అన్నిటికంటే కట్టుదిట్టమైన తరగతిలో ఉన్నాయి, అనుమతి లేని తవ్వకం మంచి ఉద్దేశంతో చేసినా నేరమే. ముందు అటవీ రేంజి అధికారిని కలవండి. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన మిష్టి పథకం ప్రత్యేకించి మడ అడవుల కోసమే. దానికి ఉపాధి హామీ నిధులను, కాంపా నిధులను (పోయిన అడవికి బదులు అడవి పెంచడానికి ఉద్దేశించినవి) కలిపి వాడాలన్నది ఆలోచన, కాబట్టి అది ప్రభుత్వ శాఖల ద్వారానే నడుస్తుంది. మీ పర్రను వారి ప్రణాళికలో చేర్పించగలిగితే, మీరు విడిగా అడగవలసిన సొమ్ము చాలా తగ్గుతుంది.

సమాధానం (సఖినేటిపల్లి నుంచి)

దరఖాస్తు రాత గురించి ఒక్క మాట చెబుతాను. నాలుగు పనులు కలిపి రాస్తే చదివేవారికి మీరు ఏ పని చేయగలరో అర్థం కాదు. గుర్రపుడెక్క మంచినీటి కాలువల సమస్య, మడ ఉప్పునీటి పాయల సమస్య. ఈ రెండూ ఒకే అంచనాలో ఇమడవు. ఒక్క పర్రను, దాని కొలతలతో, తీసుకోండి. నాలుగు మూలలా తాటి గుంజలు పాతి, ప్రతి అమావాస్యకూ అదే గుంజ దగ్గర నిలబడి, అదే దిక్కుకు ఫోటో తీయండి. చనిపోయిన మొక్కల లెక్క దాచవద్దు. ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో రాసిన దరఖాస్తును నేను ఎక్కువ నమ్ముతాను. మీరు ఇచ్చిన చందాలను, ఉచితంగా చేసిన పనిదినాలను స్థానిక కూలి రేటుకు లెక్కగట్టి, మీ వాటాగా చూపించండి. ఆ పాయలో పీతలు పట్టుకునే ఆడవాళ్లను కూడా సంఘంలో సభ్యులుగా చేర్చండి. కాలువ ఏ దారిలో తవ్వితే తమ దారి తెగిపోతుందో వాళ్లకే తెలుసు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఈ నాలుగేళ్లూ కాలువ ఆలోచన మాకు రాలేదు. నిన్న ఆటు సమయంలో వెళ్లి చూస్తే, పాయ అంచున ఉన్న గట్టు లోపలి నేల కంటే మూరెడు ఎత్తుగా ఉంది, నీరు అక్కడే ఆగుతోంది. వచ్చే ఆదివారం సమావేశంలో సొసైటీ నమోదుకు సంతకాలు తీసుకుని, సోమవారం రేంజి కార్యాలయానికి వెళ్తాము. కాకినాడ పెద్దలకు ఒక్క సందేహం: పాత చందాల లెక్క మా దగ్గర నోటు పుస్తకంలో, రసీదులు లేకుండా ఉంది. దానిని అనుభవానికి రుజువుగా జతచేయవచ్చునా?

సమాధానం (కాకినాడ నుంచి)

జతచేయండి, కానీ పాత తేదీలతో కొత్త రసీదులు మాత్రం రాయవద్దు. చందాదారులందరి చేత ఆ పుస్తకం మీదే ఈనాటి తేదీతో సంతకాలు చేయించి, పంచాయతీ కార్యదర్శి నుంచి మీ పని గురించి ఒక లేఖ తీసుకోండి.