చలన సమీకరణాలకు లాగ్రాంజ్ శక్తి పద్ధతి ఒక్కటే చాలా? ఒక్కో భాగాన్ని విడదీసి దాని మీది బలాలు చూపే ఫ్రీ బాడీ బొమ్మలు ఇంకా కావాలా?

గుణుపురం విద్యార్థి:
మా హాస్టల్లో రెండు రోజులుగా ఇదే గొడవ. రెండు లింకుల రోబో చేతికి న్యూటన్-ఆయిలర్ పద్ధతిలో, అంటే లింకు లింకుకీ బొమ్మ గీసి బలాలతో, సమీకరణాలు రాస్తే కీలు కీలుకీ తెలియని బలాలు తెచ్చుకోవాలి, చివర్లో వాటినే తీసేయాలి. లాగ్రాంజ్‌లో రెండు కోణాలు, గతిశక్తి, స్థితిశక్తి చాలు. తన 1788 పుస్తకంలో బొమ్మలే ఉండవని ఆయన ముందుమాటలోనే చెప్పాడు. మరి మనం ఎందుకు గీయడం?

బరంపురం రిటైర్డ్ లెక్చరర్:
బాబూ, లింకులు గట్టివైతే నీ మాటకు ఎదురు లేదు. వంగేవైతే? స్టీలు స్కేలు ఒక చివర బల్లకు నొక్కిపట్టి రెండో చివర మీటు. అది ఏ ఆకారంలో వంగుతుందో ముందే అనుకుంటేగానీ శక్తి రాయలేవు. చాలామంది ఆ ఆకారానికి బిగించిన చోటి నుంచి దూరపు వర్గం వేస్తారు. బిగించిన చోట కదలిక, వాలు రెండూ సున్నా కదా, చాలనుకుంటారు. మొదటి సహజ పౌనఃపున్యపు (స్కేలు తనంతట తాను ఊగే వేగపు) గుణకం 4.47 వస్తుంది. అసలుది 3.52. ఏకంగా 27 శాతం ఎక్కువ! ఖాళీ కొస దగ్గర స్కేలును ఊహలో కోసి బొమ్మ గీయి. అవతల పట్టుకునేది ఏదీ లేదు, కాబట్టి అక్కడ బెండింగ్ మొమెంట్ (వంచే బలపు ప్రభావం) సున్నా కావాలి. అది ఆకారపు రెండో అవకలజాన్ని బట్టి ఉంటుంది. నీ వర్గానికి రెండో అవకలజం ఎక్కడా సున్నా కాదు. తప్పు అక్కడుంది.

గుణుపురం విద్యార్థి:
సార్, లాగ్రాంజ్ పద్ధతికి మూలమైన హామిల్టన్ శక్తి సూత్రంతో చేస్తే ఆ కొస నియమాలు విభాగ సమాకలనంలో వాటంతటవే వస్తాయి కదా? ఊహించే ఆకారాల సంఖ్య పెంచినా విలువ అసలుదాని వైపు దిగుతుంది.

రాయగడ నుంచి:
తమ్ముడూ, అది నిజమే. కానీ ఏది వంగుతుందో, శక్తి ఎక్కడ పోతుందో సూత్రం చెప్పదు. మా సంతకు కావడి మోసుకొచ్చేవాళ్లు బద్ద ఊపుకు అడుగు కలిపి నడుస్తారు. ఆ ఊపు వదిలేసి బరువొక్కటే లెక్కేస్తే వాళ్ల నడక అర్థం కాదు. 1958లో అమెరికా ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1ను పొడవాటి అక్షం చుట్టూ తిప్పి వదిలారు. గట్టి వస్తువనుకుంటే ఆ తిరుగుడు స్థిరమే. దాని వైరు యాంటెనాలు ఊగుతూ శక్తిని తినేశాయి. కోణీయ ద్రవ్యవేగం మారదు కాబట్టి, జడత్వ భ్రామకం ఎక్కువున్న అక్షానికి మళ్లి కొన్ని గంటల్లోనే పల్టీలు కొట్టింది.

బరంపురం రిటైర్డ్ లెక్చరర్:
హామిల్టన్ మాట ఒప్పుకుంటాను. వర్గానికి ఘనం కూడా కలిపి చేసి చూపించు.

గుణుపురం విద్యార్థి:
చేశాను సార్. మొదటిది 3.53, బాగా దగ్గరికొచ్చింది. రెండోది మాత్రం 34.8, అసలు విలువేమో 22.03. కొసను కోసి బొమ్మ గీసుకుని మళ్లీ మొదలుపెడుతున్నా.