అప్‌డేట్: టర్కిష్ పలకరింపులు పనికొచ్చాయి

ఇస్తాంబుల్ దుకాణాల్లోకి వెళ్లేటప్పుడూ, సెలవు తీసుకునేటప్పుడూ టర్కిష్‌లో ఏమనాలని అడిగాను కదా. తిరిగొచ్చాను, జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

'మెర్హబా' (అంటే 'హలో') అంతటా చెల్లింది. అయితే నన్ను ఎక్కువగా ఆదుకున్నది 'ఇయి గున్లెర్'. పగటిపూట లోపలికి వెళ్తూ అనవచ్చు, బయటికి వస్తూనూ అనవచ్చు. చీకటి పడితే 'ఇయి అక్షమ్లార్'.

ఇస్తాంబుల్‌లోని కాడికోయ్ బజారులో చేపలు శుభ్రం చేస్తున్న పెద్దాయనతో 'కొలాయ్ గెల్సిన్' అన్నాను. పనిలో ఉన్నవారిని అలా పలకరిస్తారు. ఆయన కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు!

ఎవరైనా 'హోష్ గెల్దినిజ్' అని ఆహ్వానిస్తే వెంటనే 'హోష్ బుల్దుక్' అనాలి. 'గులే గులే' మాత్రం సాగనంపేవారు అనేది. వెళ్లేవాళ్లం 'హోష్చా కాల్' అనాలి, పెద్దవారితోనైతే 'హోష్చా కాలిన్'.

ఇప్పుడు అంకెలు మొదలుపెట్టాను, బేరం ఆడాలి మరి.