అప్‌డేట్: మంచులో ట్రైల్ రన్నింగ్ మొదలుపెట్టాను

మంచు పడ్డాక కూడా ట్రైల్ (కొండల్లో, అడవుల్లో ఉండే మట్టి దారి) మీద పరుగు ఆపకూడదంటే షూస్‌కి స్పైక్స్ (జారకుండా అడుగున తొడుక్కునే లోహపు ముళ్లు) కావాలా, ఎన్ని పొరల బట్టలు వేసుకోవాలి అని నెల కింద అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఇప్పటికి 6 సార్లు వెళ్లొచ్చాను.

బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలని మీరన్నది అక్షరాలా నిజం. మొదటి రోజు భయపడి కాటన్ టీషర్టు మీద మందపాటి జాకెట్ వేసుకున్నాను. 20 నిమిషాల్లో లోపలంతా చెమట. కొండ దిగుతుంటే గాలి తగిలి ఒకటే వణుకు. ఇప్పుడు ఒంటికి పల్చటి ఉన్ని బనియను, పైన గాలిని ఆపే పల్చటి జాకెట్, అంతే. పరుగు అవగానే పొడి బట్టలు మార్చుకుంటున్నాను.

స్పైక్స్ కొన్నాను. నడిచి నడిచి గట్టిపడి జారే మంచు మీద బాగా పట్టు ఇచ్చాయి. తడిసిన మెత్తటి మంచులో మాత్రం కింద ముద్దలు కడుతోంది, అక్కడ తీసేసి ట్రైల్ షూస్‌తోనే చిన్న చిన్న అడుగులు వేస్తున్నాను.

నేను అసలు ఊహించనిది, వీపున వేసుకునే నీళ్ల సంచి నుంచి తాగే గొట్టంలో నీళ్లు గడ్డకట్టడం. తాగిన ప్రతిసారీ గొట్టంలోకి గాలి ఊది నీళ్లను సంచిలోకి పంపేస్తే ఆ సమస్య పోయింది. ఫోన్ కూడా చలికి సగం ఛార్జింగ్ ఉండగానే ఆగిపోయింది. అందుకే దాన్ని లోపలి జేబులో పెట్టుకుంటున్నాను, ఏ దారిన వెళ్తున్నానో, ఎన్నింటికి వస్తానో ఇంట్లో చెప్పే కదులుతున్నాను.

వేగం తగ్గిందన్న టెన్షన్ వదిలేశాను. దూరం కాదు, సమయం చూసుకుని పరిగెడుతున్నాను. వచ్చే వారం హెడ్‌ల్యాంప్ పెట్టుకుని తెల్లవారకముందే వెళ్తాను.