6 వోల్టుల డైనమో ఛార్జ్ చేయట్లేదు: లోపం ఎక్కడ?

ప్రశ్న:
పాత మోటార్‌సైకిల్, లూకాస్ కంపెనీ ఈ3ఎల్ డైనమో (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది), పాజిటివ్ ఎర్త్ బండి (బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది). లైటు వేస్తే ఆమ్‌మీటర్ ముల్లు మైనస్ వైపు (బ్యాటరీ ఖాళీ అవుతున్నట్టు) పడిపోతోంది, ఎంత రేజ్ చేసినా లేవట్లేదు. బ్యాటరీ కొత్తదే. రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజ్‌ను అదుపు చేసేది) మార్చేయాలాండీ?

జవాబు 1:
తొందరపడకండి, ముందు డైనమోను విడిగా చూడాలి. డైనమో మీది డి (కరెంటు బయటికి వచ్చేది), ఎఫ్ (ఫీల్డ్ కాయిల్‌ది) టెర్మినళ్ల నుంచి వైర్లు విప్పేసి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న వైరుతో కలపండి. వోల్ట్‌మీటర్ ఒక కొస అక్కడ, రెండోది డైనమో బాడీకి. ఇంజిన్ వేగం మెల్లగా పెంచితే వోల్టేజ్ చకచకా ఎక్కాలి, 10 దాటనివ్వకండి. అలా ఎక్కితే డైనమో బాగున్నట్టే, అప్పుడు వైరింగ్, రెగ్యులేటర్ చూడాలి. అర వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్ (అయస్కాంత శక్తినిచ్చే తీగచుట్ట), 3 దగ్గర ఆగితే ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్టల భాగం) అనుమానించాలి. అసలేమీ రాకపోతే బ్రష్‌లు (తిరిగే భాగం నుంచి కరెంటు తీసుకునే కార్బన్ ముక్కలు) ఇరుక్కున్నాయేమో చూడండి.

జవాబు 2:
కమ్యుటేటర్‌ను (బ్రష్‌లు ఆనే రాగి పట్టీల భాగం) పెట్రోల్ గుడ్డతో తుడవండి. ఎమరీ పేపర్ మాత్రం వద్దు, దాని రేణువులు రాగి పట్టీల మధ్య ఇరుక్కుంటాయి.

ప్రశ్న అడిగినవారు:
అర వోల్టే వచ్చిందండీ.

జవాబు 1:
ఎఫ్ వైరు కాయిల్‌కు అతికిన చోట తెగి ఉండొచ్చు. కాయిల్ రెసిస్టెన్స్ సుమారు 3 ఓమ్‌లు ఉండాలి. బాగుచేసి బిగించాక, రెగ్యులేటర్ వైర్లు కలపకముందే బ్యాటరీ నెగటివ్‌ను ఎఫ్‌కు ఒక్క క్షణం తాకించండి, పొలారిటీ (ప్లస్, మైనస్ దిశ) సరిగ్గా కూర్చుంటుంది.