మూడుల్‌లో డిగ్రీ చరిత్ర కోర్సు: యూనిట్ల వారీగా పెట్టాలా, వారాల వారీగా పెట్టాలా?

ప్రశ్న: చరిత్ర అధ్యాపకురాలు, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. మా కళాశాల సర్వర్‌లో ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్ 4.3 నడుస్తోంది. తెలంగాణ చరిత్ర పేపరుకు సంబంధించిన కోర్సు పేజీని ఈ సెమిస్టర్ నుంచి నాకు అప్పగించారు. ఇంతకుముందు ఆ పేపరు చెప్పినవారందరూ చేతికొచ్చిన ప్రతి ఫైలునూ అందులో వేసుకుంటూ పోవడం వల్ల, పేజీ తెరిస్తే పైనుంచి కింది దాకా పీడీఎఫ్‌లే కనిపిస్తున్నాయి. వాటిలో చాలావాటి పేర్లు "స్కాన్ 0012", "యూనిట్ 2 కొత్తది ఫైనల్" అన్న తీరులో ఉన్నాయి. రామప్ప గుడి మీద ఒకే నోట్సు రెండు పేర్లతో రెండు చోట్ల ఉంది. ఆ గుడికి సంబంధించిన 1213 నాటి కాకతీయ సేనాని రేచర్ల రుద్రుని శాసనం గురించిన వివరం ఒక మూలన ఉంటే, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన విషయం ఇంకో మూలన ఉంది. ఈ మూడూ ఒకే పాఠానికి చెందినవని విద్యార్థికి తెలిసే దారే లేదు.

మా పిల్లల్లో ఎక్కువమంది ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు ఊర్ల నుంచి వస్తారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారు అరుదు కాబట్టి చదువంతా ఫోన్లోనే సాగుతుంది. శని, ఆదివారాల్లో ఊరికి వెళ్తే అక్కడ సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు.

ఈ పేజీని యూనిట్ల వారీగా మార్చడం మంచిదా, వారాల వారీగానా? ఇన్ని పీడీఎఫ్‌లను ఏం చేయాలి? ఒక యూనిట్ పూర్తి చేస్తే తప్ప తరువాతిది తెరుచుకోకుండా పెట్టవచ్చునని విన్నాను, అది ఉపయోగమేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, కరీంనగర్

నమస్కారం మేడమ్. దేనినైనా కదిలించే ముందు "మోర్" మెనూలోని "కోర్స్ రీయూజ్"కు వెళ్ళి, బ్యాకప్ ఫైలు ఒకటి తీసి మీ కంప్యూటర్‌లో పెట్టుకోండి. అది ఎంబీజెడ్ అనే పొడిగింపుతో వస్తుంది. పొరపాటున ఏదైనా తొలగించినా మూడుల్‌లోని రీసైకిల్ బిన్ కొంతకాలం దాచి ఉంచుతుంది గానీ, అడ్మిన్ మార్చకపోతే ఆ గడువు వారమే కాబట్టి దానినే నమ్ముకోవద్దు.

మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం యూనిట్లే. వీక్లీ ఫార్మాట్‌లో కోర్సు ప్రారంభ తేదీ నుంచి మూడుల్ తానే వారాలు లెక్కపెట్టి, ప్రతి సెక్షన్‌కూ తేదీలనే శీర్షికగా వేస్తుంది. మన దగ్గర బతుకమ్మ, దసరా సెలవులు ఒకవైపు, మేడారం జాతర వచ్చే ఏడు ఆ రోజుల్లో ఆగిపోయే తరగతులు ఇంకోవైపు. ఒక వారం పాఠం జరగకపోయినా ఆ లెక్క ఆగదు కాబట్టి పేజీ ఒక దారిన, తరగతి ఒక దారిన పోతాయి. పైగా పరీక్షా పత్రం యూనిట్ల మీదనే ఉంటుంది, పిల్లలు కూడా "మూడో యూనిట్ నోట్స్" అనే వెతుకుతారు. కోర్సు సెట్టింగ్స్‌లో ఫార్మాట్‌ను "టాపిక్స్"కు మార్చండి. మార్చినంత మాత్రాన లోపల ఉన్నవేవీ పోవు.

తరువాత పేజీ అట్టడుగున "పాత సామగ్రి" అనే సెక్షన్ ఒకటి చేసి, విద్యార్థులకు కనిపించకుండా హైడ్ చేయండి. కుడివైపు పైన ఉన్న ఎడిట్ మోడ్‌ను ఆన్ చేస్తే "బల్క్ యాక్షన్స్" అనే బటన్ కనిపిస్తుంది, 4.2 వెర్షన్ నుంచి వచ్చిన సౌకర్యం అది. దానితో అన్నింటినీ ఒకేసారి టిక్ పెట్టి ఆ సెక్షన్‌లోకి పంపవచ్చు. ఇప్పుడు పేజీ ఖాళీ అవుతుంది. అక్కడి నుంచి ఒక్కొక్కటీ తెరిచి చూసి, పేరు సరిచేసి, అవసరమైనదే పైకి తీసుకురండి. ఉన్నచోటనే సర్దుదామని కూర్చుంటే ఎవరికైనా సగం దాకా వచ్చేసరికి ఓపిక పోతుంది. "స్కాన్ 0012" వంటి పేర్లు ఎందుకు వస్తాయంటే, ఫైలును మౌసుతో లాగి పేజీ మీద వదిలినప్పుడు దాని పేరునే మూడుల్ శీర్షికగా తీసుకుంటుంది. ఇక మీదట లాగి వదిలినా, వెంటనే శీర్షిక పక్కన ఉన్న పెన్సిల్ గుర్తు నొక్కి తెలుగులో పేరు రాయండి.

పీడీఎఫ్‌ల సంగతికి వస్తే, ఫోనులో చదివే పిల్లలకు స్కాన్ చేసిన పీడీఎఫ్ అంత ఇబ్బందికరమైనది లేదు. అక్షరాలు కనిపించాలంటే పెద్దది చేయాలి, పెద్దది చేస్తే వాక్యం చివర కోసం పక్కకు జరుపుతూ ఉండాలి. అందుకని ఒక్కో యూనిట్‌కు "బుక్" అనే రిసోర్స్ ఒకటి తయారు చేసి, పాఠాన్ని అధ్యాయాలుగా అందులో పెట్టండి. కాకతీయుల యూనిట్‌నే తీసుకుంటే, రాజకీయ చరిత్ర ఒక అధ్యాయం; రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు, వాటి కింది సాగు ఒక అధ్యాయం; గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి శాసనాన్ని ముందు పెట్టుకొని సముద్ర వాణిజ్యం ఒక అధ్యాయం; గుళ్ళు, శిల్పం ఒక అధ్యాయం. మీరు చెప్పిన రామప్ప నోట్సు, శాసనం, యునెస్కో విషయం మూడూ ఈ చివరి అధ్యాయంలో ఒకచోట చేరిపోతాయి. బుక్‌లో అధ్యాయం, ఉప అధ్యాయం అని రెండు అంచెలే ఉంటాయి, ఒక యూనిట్‌కు అవి చాలు. విద్యార్థులు మూడుల్ యాప్ వాడితే, కళాశాలలో వైఫై ఉన్నప్పుడు బుక్‌ను డౌన్‌లోడ్ చేసుకొని ఊర్లో సిగ్నల్ లేకపోయినా చదువుకోవచ్చు.

మ్యాపులు, శాసనాల నకళ్ళు వంటి కొన్నింటిని పీడీఎఫ్‌గా ఉంచక తప్పదు. వాటి సెట్టింగ్స్‌లో "అప్పియరెన్స్" కింద "షో సైజ్" టిక్ పెట్టండి. నొక్కే ముందే అది ఎంత డేటా తింటుందో పిల్లలకు తెలుస్తుంది. నోట్సు మారినప్పుడు పాతదాన్ని తొలగించి కొత్తదాన్ని పక్కన చేర్చకుండా, ఆ రిసోర్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి లోపలి ఫైలును మాత్రమే మార్చండి. లింకు అదే ఉంటుంది, "ఫైనల్", "కొత్త ఫైనల్" అనే సంతతి పెరగదు.

జవాబు: వాణిజ్య శాస్త్ర అధ్యాపకురాలు, జనగామ

సార్ చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే యూనిట్లు మనకు అనుకూలమైనంతగా విద్యార్థికి అనుకూలం కావు. సోమవారం పొద్దున బస్సులో కూర్చున్న అమ్మాయికి కావలసింది "ఈ వారం ఏం చదవాలి" అన్నదే. అందుకని యూనిట్లను అలాగే ఉంచి, పేజీ పైభాగంలో "టెక్స్ట్ అండ్ మీడియా ఏరియా" ఒకటి పెట్టి, అందులో ఆ వారానికి చదవవలసిన అధ్యాయానికి లింకు, ఇవ్వవలసిన అసైన్‌మెంట్ గడువు మాత్రమే రాయండి. ప్రతి సోమవారం ఆ నాలుగు వాక్యాలు మార్చితే సరిపోతుంది. సెలవులు వచ్చినా ఇబ్బంది లేదు.

తాళం వేసే విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిది: వేయవద్దు. "రిస్ట్రిక్ట్ యాక్సెస్"తో క్విజ్‌లో ఇన్ని మార్కులు వస్తేనే తరువాతి యూనిట్ తెరుచుకునేలా పెట్టవచ్చు, నిజమే. కానీ ఆలస్యంగా అడ్మిషన్ తీసుకున్న విద్యార్థి, జ్వరంతో రెండు వారాలు రాని విద్యార్థి తరగతిలో నాలుగో యూనిట్ వింటూ ఫోనులో రెండో యూనిట్ దగ్గరే ఆగిపోతారు. ఒకవేళ వేయాలనే అనుకుంటే ఆ షరతు పక్కన ఉండే కన్ను గుర్తును చూసుకోండి. కన్ను తెరిచి ఉంటే అంశం మసకగా కనిపించి, ఎందుకు తెరుచుకోవడం లేదో కింద రాసి ఉంటుంది. మూసి ఉంటే అసలు కనిపించదు. అప్పుడు పిల్లలు మీకు ఫోన్ చేసి "మేడమ్, నోట్స్ తీసేసిండ్రా?" అని అడుగుతారు. క్విజ్‌లో మార్కుల తాళం కన్నా "కంప్లీషన్" టిక్కులే నయం. ఎవరు ఏది చూశారో మీకు తెలుస్తుంది, వారికీ ఎక్కడిదాకా వచ్చామో తెలుస్తుంది.

మళ్ళీ అడిగినవారు: చరిత్ర అధ్యాపకురాలు, హనుమకొండ

ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్యాకప్ తీసి, పాతవన్నీ అడుగుకు పంపాను, పేజీ చూస్తే ఊపిరాడినట్టుంది. తాళాల ఆలోచన మానుకున్నాను. బుక్ తయారు చేయబోతే కొత్త చిక్కు వచ్చింది. నోట్సులో ఎక్కువ భాగం చాలా ఏళ్ళ కిందట డీటీపీ సెంటర్‌లో టైపు చేయించినది. ఆ ఫైలు నుంచి కాపీ చేసి బుక్‌లో పేస్ట్ చేస్తే తెలుగు రావడం లేదు, ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి. మొత్తం మళ్ళీ టైపు చేయవలసిందేనా? మరొక సంగతి, తరగతి వీడియోలు కొన్ని ఉన్నాయి, అప్‌లోడ్ చేయబోతే పరిమితి దాటిందని ఆగిపోతున్నాయి.

జవాబు: పుస్తకాల డీటీపీ, ప్రూఫులు చూసే పని, వరంగల్

మేడమ్, మళ్ళీ టైపు చేయనవసరం లేదు గానీ, మళ్ళీ చదవవలసిన అవసరం మాత్రం ఉంది. పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని పరికరాల్లోనూ ఒకే సంకేతం ఉండే పద్ధతి) కావు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు గీసి పెట్టారు. తలకట్టు ఒక స్థానంలో, ఒత్తు ఇంకో స్థానంలో ఉంటాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగులా కనిపిస్తుంది, ఫాంట్ లేనిచోట అసలు రూపం బయటపడుతుంది. మీ బుక్‌లో కనిపిస్తున్నది అదే. అటువంటి పీడీఎఫ్ ప్రింటుకు బాగానే ఉంటుంది గానీ, అందులో "రుద్రమదేవి" అని వెతికితే ఏమీ దొరకదు.

పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మీ నోట్సు ఏ ఫాంట్‌లో ఉందో ముందు తెలుసుకొని దానికి తగినదే ఎంచుకోవాలి, లేకుంటే సగం అక్షరాలు ఒకలా, సగం ఇంకోలా వస్తాయి. మార్చిన తరువాత రెండేసి ఒత్తులున్న మాటలను ప్రత్యేకంగా చూడండి. "రాష్ట్రం", "శాస్త్రం" వంటి వాటిలోనే ఎక్కువగా తేడా వస్తుంది. మాటలోని సున్న (ం), అంకెలోని సున్న (0) తారుమారు కావడం కూడా మామూలే. చరిత్ర నోట్సులో సంవత్సరాలు ఎక్కువ కాబట్టి వాటిని మూలంతో సరిపోల్చండి. పేస్ట్ చేసేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే పాత ఫాంట్ పేరు, రంగులు వెంట రాకుండా ఉత్త పాఠం మాత్రమే వస్తుంది. శీర్షికలను బోల్డ్ చేసి సరిపెట్టకుండా ఎడిటర్‌లోని హెడ్డింగ్ శైలితో పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు యూనికోడ్ ఫాంట్ ముందే ఉంటుంది కాబట్టి పిల్లలు వేరే ఫాంట్ వేసుకోనవసరం లేదు.

జవాబు: కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, కరీంనగర్

వీడియోల పరిమితి గురించి మేడమ్: సైట్‌కు, కోర్సుకు, ఆ యాక్టివిటీకి వేర్వేరు పరిమితులు ఉంటాయి, వాటిలో ఏది తక్కువైతే అదే అమలవుతుంది. వాటన్నింటి కింద సర్వర్‌లోని పీహెచ్‌పీ (మూడుల్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష) పరిమితి ఉంటుంది, ఎవరూ మార్చకపోతే అది ఫైలుకు 2 ఎంబీయే. అడ్మిన్‌ను అడిగితే పెంచుతారు, కానీ వీడియోలను మూడుల్‌లోకి ఎక్కించవద్దనే చెబుతాను. బ్యాకప్ ఫైలు బరువెక్కి, రేపు రిస్టోర్ చేయవలసి వచ్చినప్పుడు అదే అడ్డవుతుంది. యూట్యూబ్‌లో "అన్‌లిస్టెడ్"గా (లింకు ఉన్నవారే చూడగలిగేలా) పెట్టి ఆ లింకును బుక్‌లోని తగిన అధ్యాయంలో ఇవ్వండి. అది సిగ్నల్ లేనిచోట పనిచేయదు కాబట్టి, ముఖ్యమైన ఉపన్యాసాలకు ఆడియో కూడా పెట్టండి. మాట మాత్రమే ఉన్న ఎంపీ3ని 32 కేబీపీఎస్‌లో తీస్తే అరగంట పాఠం సుమారు 7 ఎంబీలో వస్తుంది, యాప్‌లో ముందే దించుకోవచ్చు.

వచ్చే సంవత్సరం ఈ పనంతా మళ్ళీ చేయకుండా, సెమిస్టర్ ముగిశాక కొత్త ఖాళీ కోర్సు తెరిపించుకొని, అందులోని "ఇంపోర్ట్"తో ఈ కోర్సును తెచ్చుకోండి. పాఠాలు, క్విజ్‌లు, ప్రశ్నలు వస్తాయి, ఈ ఏటి విద్యార్థుల సమాధానాలు, మార్కులు రావు. అవి పాత కోర్సులో భద్రంగా ఉంటాయి. అసైన్‌మెంట్ల గడువు తేదీలను మాత్రం ఒకసారి చూసుకోవాలి. ప్రశ్నలను ఇప్పటి నుంచే క్వశ్చన్ బ్యాంక్‌లో యూనిట్‌కు ఒక కేటగిరీగా పెట్టండి. బిట్లు (నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు) టైపు చేయడానికి ఐకెన్ అనే పద్ధతి తేలిక: ఒక వరుసలో ప్రశ్న, కింద వరుసకొకటిగా జవాబులు, చివరి వరుసలో "ఆన్సర్" అన్న మాట, కోలన్, సరైన జవాబు అక్షరం. ప్రశ్న, జవాబులు తెలుగులోనే ఉండవచ్చు, కానీ జవాబుల ముందుండే ఎ, బి, సి, డి అక్షరాలనూ, "ఆన్సర్" అన్న మాటనూ ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లోనే రాయాలి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి.