ఉబ్బిన ఈవీ (ఎలక్ట్రిక్ వాహనం) బ్యాటరీ మాడ్యూల్‌ని ఉప్పునీళ్లలో ముంచొచ్చా?

ఎర్రతీగ: 6ఎస్ ఎన్‌ఎంసీ మాడ్యూల్, అంటే వరసగా కలిపిన ఆరు లిథియం-అయాన్ సెల్స్. ఒక పక్క ఉబ్బింది, కారడం లేదు. మొత్తం 21.3 వోల్టులు, మిగతా మాడ్యూళ్లు 22.6. ఉప్పునీళ్లలో ముంచి డిశ్చార్జ్ చేసేస్తే సరిపోతుందా?

బస్‌బార్: ముంచకండి. ఉప్పునీళ్లలో హైడ్రోజన్, క్లోరిన్ పుడతాయి. పైగా టెర్మినల్ తుప్పుతో తెగిపోయాక బుడగలు ఆగుతాయి. ఖాళీ అయిందనుకుంటాం కానీ లోపల చార్జ్ అలాగే ఉంటుంది.

ఇక మీ లెక్క చూడండి. మిగతా మాడ్యూళ్లలో సెల్‌కి 3.77 వోల్టులు (22.6 ÷ 6). ఇందులోనూ ఐదు సెల్స్ అంతే ఉంటే ఆరోది దాదాపు 2.45. మొత్తం వోల్టేజి చూసి ఏమీ తేలదు, సెన్స్ తీగల (ఒక్కో సెల్ వోల్టేజి చూడ్డానికి వేసిన సన్న తీగలు) దగ్గర ఒక్కోటీ కొలవండి. ఉంగరం, వాచీ తీసేయండి. 20 వోల్టులు షాక్ కొట్టకపోయినా, పాన జారి రెండు టెర్మినళ్లకీ తగిలితే వేల ఆంపియర్లు పారతాయి.

నిమ్మళం: కొలవడం కంటే ముందు బయటకి చేర్చండి. గోడలకీ వాహనాలకీ 15 మీటర్ల దూరం, వాన పడని చోటు. టెర్మినళ్లకి విడివిడిగా ఇన్సులేషన్ టేపు వేసి, ఉబ్బిన వైపు నొక్కకుండా అడుగు నుంచి ఎత్తాలి. ఇనుప డ్రమ్ములో పొడి ఇసుక మీద పెట్టి, మూత ఊరికే ఆనించండి. బిగిస్తే గ్యాస్ పోయే దారి లేక డ్రమ్మే పేలుతుంది.

ఓమ్‌మీటర్: ఇసుక మంటని ఆర్పదు, నిప్పురవ్వలు ఎగరకుండా ఆపుతుంది, అంతే. సెల్స్‌ని చల్లార్చేది బోలెడన్ని నీళ్లే. డ్రై పౌడర్ కొడితే మంట తగ్గినట్టుండి మళ్లీ లేస్తుంది. తెల్లటి పొగ వస్తే ఆవిరి అనుకోవద్దు, అది అంటుకునే గ్యాస్, అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. గాలి వచ్చే వైపుకి దూరంగా వెళ్లి, ఫైర్ వాళ్లకి 'లిథియం-అయాన్' అని మొదటే చెప్పండి.

వేడి చూడ్డానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడేటట్టయితే అల్యూమినియం మీద నేరుగా పెట్టకండి, మెరుపు వల్ల తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

ఎర్రతీగ: మరి బల్బు పెట్టి డిశ్చార్జ్ చేస్తే?

బస్‌బార్: బాగున్న మాడ్యూళ్లకైతే సరే. 24 వోల్టుల 70 వాట్ల లారీ బల్బు సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. అన్నిటికంటే తక్కువున్న సెల్ 3.0కి రాగానే తీసేయాలి. ఉబ్బినదానికి వద్దు. అందులో ఆరో సెల్ ఎలాగూ ఆ గీత దాటేసింది, ఇంకా లాగితే దాని ధ్రువాలే తారుమారవుతాయి.

ఎర్రతీగ: డ్రమ్ములో పెట్టి ఒక రాత్రి గడిచింది. మొత్తం 20.7, ఆరోది 1.9. మిగతావి కదల్లేదు. వేడి లేదు.

ఓమ్‌మీటర్: లోడ్ లేకుండా దిగుతోందంటే లోపల షార్ట్ ఉన్నట్టే. దాన్ని చార్జ్ చేసి పైకి తేవాలని చూడొద్దు. సెల్ 2 వోల్టుల కిందకి దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది, చార్జ్ పెడితే ఆ రాగి సూదుల్లా పేరుకుని షార్ట్‌ని పెంచుతుంది. చల్లగా ఉందని లోపలికి తేకండి, రోజుల తర్వాత అంటుకున్నవీ ఉంటాయి. రీసైక్లర్‌కి ఫోన్‌లోనే 'దెబ్బతిన్నది, ఉబ్బింది' అని చెప్పండి. ప్యాకింగ్ వేరే ఉంటుంది, విమానంలో అసలు ఎక్కించరు.