నడుస్తున్న క్లినిక్ వదిలి 43 ఏళ్ళ ఆర్థోడాంటిస్టు విదేశీ ట్రైనింగ్‌కి వెళ్ళాలా?

కాలవగట్టు (నరసాపురం):
మా బావగారికి భీమవరంలో పళ్ళ క్లినిక్ ఉంది. బీడీఎస్ అయ్యాక ఆర్థోలో, అంటే వంకర పళ్ళు సరిచేసే విభాగంలో, ఎండీఎస్ చేశారు, 15 ఏళ్ళ ప్రాక్టీసు. ఇప్పుడు లండన్‌లో 3 ఏళ్ళ ఆర్థో కోర్సు చేస్తానంటున్నారు. అక్క ఏడుపు, వాళ్ళ మావగారు ససేమిరా. మీరేమంటారండి?

రొయ్యలరాజు (ఉండి):
అక్కడ చాలా యూనివర్సిటీల్లో విదేశీయులకి ఫీజు ఏడాదికి 40 వేల పౌండ్ల పైమాటే. పౌండు వంద రూపాయలు దాటింది కదా, 3 ఏళ్ళకి ఫీజే కోటీ ఇరవై లక్షలు. మూతపడ్డ క్లినిక్ నష్టం దీనికి అదనం. వైరస్ తగిలిన చెరువు కూడా ఇంత ముంచదండి బాబూ. అయినా వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారా?

పాలకొల్లు ఆర్థో:
రాజుగారూ, అక్కడే ఉండిపోవడం అంత తేలిక కాదు. ఆ కోర్సు పాసైనంత మాత్రాన ప్రాక్టీసు చేయనివ్వరు, అక్కడి డెంటల్ కౌన్సిల్ (జీడీసీ) రిజిస్ట్రేషన్‌కి, విదేశీ డెంటిస్టులకి పెట్టే ఓఆర్‌ఈ లాంటి పరీక్ష వేరే నెగ్గాలి.

నా అభ్యంతరం వేరు. ఆ 3 ఏళ్ళలో నేర్పేది చాలా భాగం మన ఎండీఎస్‌లో ఉన్నదే. బ్రిటన్‌లో అసలు తేడా ఆ తర్వాత మొదలవుతుంది. స్పెషలిస్టు అయినవాడు ఆస్పత్రి కన్సల్టెంట్ కావాలంటే ఇంకో 2 ఏళ్ళు ట్రైనింగ్ తీసుకోవాలి. దవడ ఆపరేషన్ల కేసులు, గ్రహణమొర్రి పిల్లలు, పుట్టుకతో పళ్ళే లేనివాళ్ళు, అన్నీ సర్జన్‌తో కలిసి చూసేది అప్పుడే. మనకి కొరత అక్కడుంది. వంకర పళ్ళు సరిచేయడానికి డెల్టాలో డాక్టర్లకి కొదవా? భీమవరంలో డెంటల్ కాలేజీ ఉంది, రాజమండ్రిలో ఉంది.

కాబట్టి ఆయన మళ్ళీ మొదటి బెంచీలో కూర్చోనక్కర్లేదు. ఆర్థో పూర్తిచేసినవాళ్ళకి అమెరికాలో ఏడాది క్రేనియోఫేషియల్ (తల, ముఖం ఎముకల లోపాల) ఫెలోషిప్‌లున్నాయి. తైవాన్‌లో చాంగ్ గుంగ్ ఆస్పత్రి కూడా విదేశీ డాక్టర్లని తీసుకుంటుంది.

అబ్బాయి అమ్మ (ఆచంట):
వెళ్ళనివ్వండి. మా వాడు గ్రహణమొర్రితో పుట్టాడు. గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకున్నానని మా అత్తగారు ఇప్పటికీ అంటారు, అది అలా ఉంచండి. పెదవి, అంగుడు ఆపరేషన్లు చిన్నప్పుడే అయిపోయాయి, ఇక అంతే అనుకున్నాం. తొమ్మిదో ఏట చిగురులో ఎముక పెట్టాలన్నారు, కోరపన్ను దిగేలోపే పెట్టాలట. దానికి ముందు పై దవడ వెడల్పు చేయాలి. ఆ పనికి నెలనెలా హైదరాబాద్, బడి మానిపించి. దగ్గర్లో ఇది చేసే డాక్టరుంటే మాకు ఆ తిప్పలుండేవి కావు.

రొయ్యలరాజు (ఉండి):
అమ్మా, మీ మాట కాదనను. కానీ డాక్టరు ఒక్కరొస్తే సరిపోతుందా? సర్జను, మాట నేర్పేవాళ్ళు ఎక్కడ?

పాలకొల్లు ఆర్థో:
రాజుగారు సరైన చోటే పట్టుకున్నారు. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు ఈ పిల్లలకి 50కి పైగా చోట్ల వైద్యం జరిగేది. ఒక్కోచోట ఏడాదికి కొద్దిమందే, ఫలితాలు నాసి. 1998లో వచ్చిన నివేదిక తర్వాత అన్నిటినీ కొన్ని పెద్ద కేంద్రాలకి కుదించారు. ఆ లెక్కన భీమవరంలో ఒంటరిగా బోర్డు పెడితే ఫలితం అదే. ఆపరేషన్ పెద్ద ఊళ్ళో టీమ్ దగ్గర, దవడ వెడల్పు చేయడం, నెలవారీ చెకప్ ఇక్కడ. అలా ముందే ఒక టీమ్‌తో మాట్లాడుకుని వెళితేనే వెళ్ళమంటాను. ఒంటరిగా అయితే వద్దు.

తణుకు బీటెక్:
ఎవరూ పేషెంట్ల సంగతి ఎత్తలేదేంటండీ? నాకు క్లిప్పులు వేసిన డాక్టర్ సగంలో కెనడా చెక్కేశారు. ఇంకో డాక్టర్ దగ్గరికెళితే మళ్ళీ మొత్తం ఫీజు కట్టమన్నారు. పాత ఎక్స్‌రేలు లేవు, పళ్ళ అచ్చులూ లేవు. నా పళ్ళ సందులు అలాగే ఉన్నాయి.

పాలకొల్లు ఆర్థో:
తమ్ముడూ, అది అన్యాయమే. ఒక్కో కేసుకి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. వెళ్ళాలనుకున్నవాళ్ళు అంత ముందు నుంచే కొత్త కేసులు ఆపాలి. మిగిలిన కేసులు మరో ఆర్థోకి అప్పగించి, ఎక్స్‌రేలు, అచ్చులు, ఫొటోలతోపాటు మిగిలిన పనికి సరిపడా డబ్బూ ఇచ్చి వెళ్ళాలి. క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా రిటైనర్ పెట్టుకున్నవాళ్ళని ఎవరూ లెక్కచేయరు, అది మానేస్తే పళ్ళు మళ్ళీ కదులుతాయి. వాళ్ళనీ అప్పగించాలి.

కాలవగట్టు (నరసాపురం):
బావగారికి ఇదంతా చదివి వినిపించానండి. లండన్ పట్టు కాస్త సడలింది. "ఏడాదైతే నేనూ పిల్లలూ ఇక్కడే ఉంటాం" అంది అక్క. కొత్త కేసులు ఆపే మాటకి మాత్రం ఆయన మొహం మాడింది, వేసవి సెలవుల సీజన్ కదా మరి.

తణుకు బీటెక్:
ఆ సీజన్‌లో చేరినవాళ్ళలో నేనూ ఒకణ్ణండి. ముందు పాత కేసుల లిస్టు రాయమనండి.